పెట్రోల్‌లో పోసే సీసాలు: మా షెడ్డుకొచ్చే అపోహలు, అసలు సంగతులు

అపోహ: సీసా పోస్తే మైలేజ్ పెరుగుతుంది

"అన్నా, ఇది పోస్తే లీటరుకు ఐదు కిలోమీటర్లు ఎక్కువొస్తుందంట, నిజమేనా?" వారానికి ఒకరైనా అడుగుతారు. ఆ సీసాల్లో చాలావరకు ఉండేది క్లీనరే. మంచి వాటిలో పాలీఈథర్‌అమైన్ అనే రసాయనం ఉంటుంది, అది ఇంజెక్టర్ (ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే భాగం) మొనకు పట్టిన జిగురును కరిగిస్తుంది. అలా జిగురు పట్టి స్ప్రే చెడిపోయిన బండైతే పోయిన మైలేజ్‌లో కొంత తిరిగొస్తుంది, సైలెన్సర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కూడా తగ్గుతాయి. శుభ్రంగా ఉన్న ఇంజన్‌కు ఒరిగేదేమీ లేదు. టైర్లలో గాలి లేక, బ్రేకు పట్టేసి తిరిగే బండికి పోసి ఏం లాభం? డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లలో అయితే పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద పేరుకున్న మసిని ట్యాంకులో పోసిన మందు తాకనే తాకదు.

అపోహ: ఆక్టేన్ పెరిగితే పవర్ పెరుగుతుంది

ఆక్టేన్ అంటే శక్తి కాదు, ఒత్తిడి పెరిగినా పెట్రోల్ దానంతటదే ముందే అంటుకోకుండా ఓర్చుకునే గుణం. మామూలు పెట్రోల్‌తో నాకింగ్ (అలా ముందే అంటుకుని ఇంజన్ టకటకమని కొట్టుకోవడం) లేని 110 సీసీ బండికి ఖరీదైన పెట్రోల్ కొట్టించడం దండగ. మాన్యువల్‌లో ఎక్కువ ఆక్టేన్ అడిగిన బండి సంగతి వేరు.

ఆ మధ్య ఓ కుర్రాడు మిస్సింగ్ వస్తోందని బైక్ తెచ్చాడు. ప్లగ్ విప్పి చూస్తే పింగాణీ మొత్తం ఇటుక రంగు, గోరుతో గీకితే పొడి రాలుతోంది. మూడు నెలలుగా ఆక్టేన్ బూస్టర్ పోస్తున్నాడట! ఫెర్రోసీన్, ఎమ్‌ఎమ్‌టీ లాంటి మందుల్లోని ఇనుము, మాంగనీసు పెట్రోల్‌తో పాటు ఆవిరైపోవు, బూడిదగా మారి ప్లగ్ మీద, ఆక్సిజన్ సెన్సర్ మీద, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల కూర్చుంటాయి. ఒకప్పుడు ఆక్టేన్ కోసం సీసం కలిపేవారు, అది మనుషుల ఆరోగ్యాన్నీ కన్వర్టర్‌నీ రెండింటినీ పాడుచేస్తుందనే మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా ఆపేశారు. సీసం పోయింది, సీసా వచ్చింది.

అపోహ: కలరా ఉండలు వేస్తే బండి లాగుతుంది

బీరువాలో వేసుకోండి. నాఫ్తలీన్ మసి కక్కుతూ మండుతుంది, పెట్రోల్ ఆవిరైన చోట మళ్లీ గడ్డకడుతుంది. పాత కార్బొరేటర్ బండి జెట్టు మూసుకుపోవడానికి అది చాలు.

అపోహ: ఈ20 వల్ల తగ్గిన మైలేజ్‌ను అడిటివ్ తెచ్చిపెడుతుంది

ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. లీటరు ఇథనాల్‌లో పెట్రోల్ కంటే మూడో వంతు శక్తి తక్కువ. 20 శాతం కలిపితే లీటరుకు 6-7 శాతం లోటు. మూతెడు మందు ఆ లోటును ఎక్కణ్ణుంచి తెస్తుంది? వానాకాలంలో జాగ్రత్త పడాల్సింది నీటి గురించి. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, మోతాదు దాటితే రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. అనుమానంగా ఉంటే ట్యాంకు అడుగు నుంచి కాస్త తీసి గాజు సీసాలో పట్టి, కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే బండి స్టార్ట్ చేయకుండా ట్యాంకు ఖాళీ చేయించండి.