తెలివి, ఉద్వేగం, ఆధ్యాత్మికత: ఆనందం చుట్టూ అల్లుకున్న అపోహలు - వాస్తవాలు

అపోహ: తెలివి ఎక్కువున్నవాళ్లే సుఖపడతారు.

వాస్తవం: తెలివి చదువుకి, ఉద్యోగానికి, డబ్బు లెక్కలకి అక్కరకొస్తుంది, ఆ మేరకు చికాకులు తగ్గుతాయి. జరిగిపోయినదాని బాధను మాత్రం తర్కం కరిగించలేదు. ఆ పని బుద్ధికి అప్పజెబితే అది ఒకే సంగతిని నెమరువేస్తూ కూర్చుంటుంది. ఈ నెమరువేత దిగులును మరింతకాలం సాగదీస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త సూసన్ నోలెన్-హోక్సెమా పరిశోధనలు చూపించాయి. మీరు చేస్తున్నది ఆలోచనో నెమరువేతో తేలాలంటే, మనసులో తిరుగుతున్న ప్రశ్నను పట్టుకోండి. "నాకే ఎందుకిలా?" అన్నదానికి జవాబు దొరకదు. "రేపు పొద్దున నేను చేయగలిగిందేమిటి?" అన్నదానికి దొరుకుతుంది. పది నిమిషాలు కాగితం మీద రాసినా కొత్త వాక్యం పుట్టకపోతే, కలం పక్కన పెట్టి లేచి నడవండి.

అపోహ: ఉద్వేగాలను పక్కన పెడితేనే బుద్ధి సవ్యంగా పనిచేస్తుంది.

వాస్తవం: మెదడు ముందుభాగం అడుగున దెబ్బతిన్న రోగులను నాడీ వైద్యుడు ఆంటోనియో డమాసియో పరిశీలించారు. వాళ్ల తెలివి పరీక్షల ఫలితాలు బాగానే ఉన్నాయి. ఉద్వేగం మొద్దుబారింది, దాంతోపాటే నిర్ణయాలూ కుంటుపడ్డాయి. తర్వాతి అపాయింట్‌మెంటుకి రెండు తేదీలిస్తే, ఒక రోగి దాదాపు అరగంట వాటి లాభనష్టాలు ఏకరువు పెడుతూనే ఉన్నాడు. ఏది ముఖ్యమో చెప్పేది ఉద్వేగం. అది లేకపోతే బుద్ధికి అన్నీ ఒకటే.

అపోహ: కోపాన్నీ దుఃఖాన్నీ దిగమింగితే అవే చల్లారతాయి.

వాస్తవం: 1993 నాటి ఒక ప్రయోగంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ కొందరికి ఏవగింపు పుట్టించే దృశ్యాలు చూపించి, ముఖంలో ఏదీ కనబడనివ్వొద్దన్నారు. ముఖాలు చాలావరకు అదుపులోనే ఉన్నాయి. లోపలి ఏవగింపు తగ్గలేదు, పైగా ఒంట్లోని ఉద్రేకానికి గుర్తైన చెమట గ్రంథుల స్పందన పెరిగింది. అలాగని గట్టిగా అరిస్తే కోపం ఖాళీ అయిపోతుందన్నదీ అపోహే. అరుపు కోపానికి సాధన అవుతుంది, అంతే.

చేయాల్సిన పనికి ఒక వరుస ఉంది. ముందు ఒంట్లో చూడండి: గొంతులోనా, ఛాతీలోనా, పొట్టలోనా బిగువు? తర్వాత దానికి పేరు పెట్టండి. "మూడ్ బాలేదు" సరిపోదు. అవమానమా, అసూయా, భయమా, ఉత్త అలసటా? పేరు పెట్టినప్పుడు మెదడులో ముప్పును పసిగట్టే అమిగ్డలా అనే భాగం చురుకు తగ్గుతుందని 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం గమనించింది. ఆపైన నాలుగు సెకన్లు లోపలికి, ఆరు సెకన్లు బయటికి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఊపిరి. మాటలూ నిర్ణయాలూ ఆ తర్వాతే. ఊపిరి దగ్గర చాలామంది చేసే పొరపాటు బలంగా, నిండుగా పీల్చడం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, భయం పెరిగినట్టే ఉంటుంది. నెమ్మదిగా, తేలిగ్గా తీసుకుంటే చాలు.

అపోహ: ఆధ్యాత్మికత అబ్బితే బాధ తాకదు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదేనని మా అభిప్రాయం. అణచివేతకి కాషాయం కట్టి వైరాగ్యమని పిలవడం చాలా తేలిక. క్షమాపణ చెప్పాల్సిన చోట "అంతా మాయ" అనడం, ఏడుస్తున్న మనిషికి ఓదార్పు బదులు కర్మ సిద్ధాంతం వినిపించడం, ధ్యానం నుంచి లేచిన గంటకే ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడటం దాని గుర్తులు. 1980లలో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ వెల్‌వుడ్ దీన్ని ఆధ్యాత్మిక దాటవేత అన్నారు. అసలైన ఆధ్యాత్మికతలోని ఎరుక చేసే పని వేరు: వచ్చిన బాధను బాధగా, ఆలోచనను ఆలోచనగా చూడటం, తనకన్నా పెద్దదానితో బంధం గుర్తెరగడం. దీనికి దైవభక్తి తోడ్పడవచ్చు. నమ్మకం లేనివాళ్లకీ ఇది సాధ్యమే.

ధ్యానంలో మనసును ఖాళీ చేయబోవడమే మొదటి తప్పు. తెల్ల ఎలుగుబంటిని తలవొద్దని చెబితే అదే మళ్లీమళ్లీ గుర్తొస్తుందని 1987లో డేనియల్ వెగ్నర్ ప్రయోగం తేల్చింది. పది నిమిషాలు శ్వాసను గమనించండి. మనసు జారిందని తెలిసినప్పుడల్లా వెనక్కి తెచ్చుకోండి. నలభైసార్లు తెచ్చుకుంటే నలభైసార్లు సాధన జరిగినట్టే. కొందరికి కళ్లు మూసుకుంటే ఆందోళన పెరుగుతుంది. వాళ్లు కళ్లు తెరిచి, పాదాలు నేలకు ఆనించి మూడు నిమిషాలతో మొదలుపెట్టాలి, లేదా నడుస్తూ చేయాలి.

అపోహ: కోరుకున్నది దక్కితే ఆనందం నిలిచిపోతుంది.

వాస్తవం: 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం 22 మంది లాటరీ విజేతలను మామూలు మనుషులతో పోల్చింది, సంతోషంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ అధ్యయనాన్ని సగమే చెబుతుంటారు. ప్రమాదాల్లో పక్షవాతం వచ్చినవాళ్ల సంతోషం మిగతావారికన్నా తక్కువేనని కూడా అందులో ఉంది. మనిషి దేనికైనా అలవాటు పడిపోతాడనడం సరికాదు.

అపోహ: మనసు బాగాలేకపోతే ధ్యానం చాలు, డాక్టరు అక్కర్లేదు.

వాస్తవం: దిగులు లేదా ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటినా, దానికి తోడు నిద్ర, ఆకలి చెడినా మానసిక వైద్యుణ్ణి కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అదే రోజు కలవాలి. ధ్యానం కుదురుతోందని దిగులు మందులు ఒక్కసారిగా ఆపకండి. తల తిరగడం, వికారం, నిద్రలేమి రావచ్చు. మోతాదు ఎప్పుడు, ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి.