137.5 డిగ్రీల పువ్వు

పొద్దుతిరుగుడు పువ్వు మధ్య భాగాన్ని ఒకసారి తేరిపార చూడండి. గింజలు సుళ్లు సుళ్లుగా ఉంటాయి, కొన్ని కుడికి, కొన్ని ఎడమకి. ఓపికగా లెక్కపెడితే ఒకవైపు 34, రెండోవైపు 55 రావడం మామూలే. ఈ పువ్వును కంప్యూటర్‌లో గీయడానికి బొమ్మలు వెయ్యడం రానక్కర్లేదు. 1979లో హెల్ముట్ వోగెల్ ఇచ్చిన సూత్రం రెండు మాటల్లో అయిపోతుంది. ప్రతి కొత్త చుక్కనీ ముందు చుక్క నుంచి 137.5 డిగ్రీలు తిప్పి పెట్టాలి. కేంద్రం నుంచి దాని దూరం, అది ఎన్నో చుక్కో ఆ సంఖ్య వర్గమూలాన్ని బట్టి ఉండాలి.

వర్గమూలం ఎందుకో తప్పు చేశాకే నాకు తెలిసింది. మొదటిసారి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినప్పుడు దాన్ని మర్చిపోయాను. మధ్యలో చుక్కలు ఇరుక్కుపోయాయి, అంచుల్లో పలచబడ్డాయి, చెయ్యి జారి ఒలికిన ముగ్గుపిండిలా. వృత్త వైశాల్యం వ్యాసార్థం వర్గంతో పెరుగుతుంది కదా, అందుకే వర్గమూలం వాడితేనే ప్రతి గింజకీ సమానంగా చోటు దొరుకుతుంది.

ఇక కోణం. 90 డిగ్రీలు పెడితే నాలుగు గీతలొస్తాయి, 120 పెడితే మూడు. పూర్తి చుట్టులో, అంటే 360 డిగ్రీల్లో, పావు, మూడోవంతు లాంటి ఏ సులువైన భిన్నం తీసుకున్నా ఇదే గొడవ: చుక్కలు క్యూ కడతాయి, మధ్య జాగా వృథా. చుట్టును స్వర్ణ నిష్పత్తిలో, అంటే సుమారు 1.618కి ఒకటి చొప్పున విడగొడితే, చిన్న ముక్క 137.5 డిగ్రీలు. ఈ నిష్పత్తి ఏ భిన్నానికీ సరిగ్గా లొంగదు, కాబట్టి క్యూ ఏర్పడదు. స్వర్ణ నిష్పత్తి పేరుతో ముఖసౌందర్యం దాకా ఏదేదో అంటగడుతుంటారు, అవి నేను నమ్మను. ఇక్కడ మాత్రం అది నిజంగా పని చేస్తోంది.

అలాగని మొక్కకు లెక్కలు వచ్చని కాదు. 1992లో డువాడీ, కూడెర్ అనే ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్తలు నూనె పళ్లెం మధ్యలో అయస్కాంత ద్రవాన్ని బొట్టు బొట్టుగా వదిలారు. బొట్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అంచులకు జరిగాయి. కొత్త బొట్టు ఎప్పుడూ ఖాళీ ఎక్కువున్న వైపే పోయింది. బొట్లను వెంటవెంటనే వదిలితే వాటి మధ్య కోణం దాదాపు 137.5 దగ్గర కుదురుకుంది!

నిజం చెప్పాలంటే, సరిగ్గా వచ్చిన పువ్వు నాకు ఒక్కరోజే నచ్చింది. కోణాన్ని 137.3 చేశాక అసలు సరదా మొదలైంది. తేడా 0.2 డిగ్రీలే, కానీ వెయ్యో గింజకొచ్చేసరికి అది 200 డిగ్రీలవుతుంది. ఒకవైపు సుళ్లు చెదిరిపోయి, రెండోవైపువే కాగితం గాలిపంకాలా మిగులుతాయి. ఇప్పుడు అది పువ్వు కాదు, పువ్వు పోలిక ఉన్న ఇంకేదో. రంగును గింజ సంఖ్యతో మార్చితే అదీ పోయి, వట్టి రూపమే మిగులుతుంది.

తర్వాత కోణాన్ని 135 నుంచి 144 దాకా సెకనుకు 0.3 డిగ్రీల చొప్పున జరిపి, అరనిమిషం వీడియో చేశాను. మొదట ఎనిమిది చువ్వల చక్రం. అది మెలికలు తిరిగి 21 చువ్వలైంది. ఎనిమిదో సెకను దాటగానే రెప్పపాటు నిండు పువ్వు. ఆపైన 13 చువ్వలు, చివరికి అయిదు.