నలభై దాటని దారుల్లో డీజిల్ కారు

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువులున్న రైతు కారు రోజూ ఎంత తిరుగుతుందో గమనించండి. తెల్లారి ఇంటి నుంచి చెరువు గట్టుకి మూడు కిలోమీటర్లు. ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుని వెనక్కి. పదింటికి మేత కొట్టుకి, అక్కణ్ణుంచి బ్యాంకుకి. మధ్యాహ్నం మళ్లీ చెరువు. రాత్రి కరెంటు పోతే జనరేటరు వేశారో లేదో చూడ్డానికి ఇంకోసారి. పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటుంది గానీ ఒక్కసారీ ఏకబిగిన పది కిలోమీటర్లు పోదు. ఇంజిన్ వేడెక్కేలోపే గట్టు వచ్చేస్తుంది. కోనసీమలో అయితే చెరువు బదులు కొబ్బరితోట. దారి తీరు మాత్రం ఒకటే: ఒక పక్క కాలవ, ఇంకో పక్క ఇళ్లు, ఊరికి నాలుగు స్పీడ్ బ్రేకర్లు, ఎదురుగా కాయల లోడుతో ట్రాక్టరు. నలభై దాటితే గొప్ప.

ఇలా తిరిగే కొత్త డీజిల్ కారు డ్యాష్‌బోర్డు మీద కొన్నాళ్లకి ఓ నారింజరంగు గుర్తు వెలుగుతుంది. పట్టించుకోకపోతే ఇంకో లైటు తోడవుతుంది. ఆ తర్వాత ఎంత తొక్కినా వేగం అందుకోదు. "బండి లాగట్లేదండి" అని షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ స్కానర్ పెట్టి "డీపీఎఫ్ జామైపోయిందండి" అంటాడు. "ముప్పయ్యేళ్లుగా డీజిల్ బళ్లే నడుపుతున్నాను, ఎప్పుడూ లేని రోగం ఇప్పుడేంటి?" అని యజమాని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ ముప్పయ్యేళ్ల బళ్లలో ఎక్కువ వాటికి ఆ భాగమే, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టరే, లేదు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వాహనాల పొగకి బీఎస్6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకొచ్చాయి. బీఎస్5ని దాటేసి నాలుగు నుంచి ఒకేసారి ఆరుకి గెంతాం. అప్పటిదాకా డీజిల్ కారు కిలోమీటరుకి 25 మిల్లీగ్రాముల మసి రేణువులు వదలొచ్చు. కొత్త హద్దు 4.5 మిల్లీగ్రాములు. బరువుతో పాటు రేణువుల సంఖ్యకీ మొదటిసారి హద్దు పడింది: కిలోమీటరుకి 60 వేల కోట్లు. అంకె చూసి ఇంత విచ్చలవిడిగా వదలనిస్తారా అనిపిస్తుంది గానీ, ఆ రేణువులు అంత చిన్నవి. పొగగొట్టంలో ఫిల్టర్ లేకుండా డీజిల్ కారు ఈ హద్దుకి లోబడలేదు. ఆ ఖర్చు చిన్న కార్లకి గిట్టదని మారుతి సుజుకి అదే సమయంలో డీజిల్ కార్ల తయారీ మానేసింది. మిగిలిన డీజిల్ కార్లకి డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్, అంటే డీపీఎఫ్, తప్పనిసరి అయింది. ప్యూజో కంపెనీ 2000లోనే 607 అనే కారులో దీన్ని పెట్టి అమ్మింది. మన ఊళ్లలోకి రావడానికి ఇరవయ్యేళ్లు పట్టింది.

అసలు మసి ఎందుకు పుడుతుంది? పెట్రోల్ ఇంజిన్‌లో సాధారణంగా గాలీ ఇంధనమూ ముందే బాగా కలిసిపోయి, తర్వాత అంటుకుంటాయి. డీజిల్‌లో అలా కాదు. బాగా నొక్కి వేడెక్కించిన గాలిలోకి ఇంజెక్టరు డీజిల్‌ని చిమ్ముతుంది, అది చిమ్మినచోటే అంటుకుంటుంది. ఆ తుంపర నడిబొడ్డున ఇంధనం ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. అక్కడ పూర్తిగా కాలని కార్బన్ రేణువులై, ఒకదానికొకటి అంటుకుని గుత్తులు కడుతుంది. ఒక్కో గుత్తి సుమారు 100 నానోమీటర్లు. మిల్లీమీటరులో పదివేలో వంతు.

ఇంత సన్నటిదాన్ని పట్టే జల్లెడ ఎంత సన్నగా ఉండాలి? ఇక్కడే నాకు ఈ యంత్రం నచ్చుతుంది. కార్డియరైట్ లేదా సిలికాన్ కార్బైడ్ అనే పింగాణీ దిమ్మలో పొడుగునా వేల సంఖ్యలో సన్నని చదరపు గొట్టాలుంటాయి. ఒక గొట్టానికి వెనకవైపు బిరడా, పక్కదానికి ముందువైపు బిరడా. తెరిచి ఉన్న గొట్టంలోకి దూరిన పొగకి ఎదురుగా దారి మూసుకుపోయి ఉంటుంది కాబట్టి, గోడలోంచి ఇంకి పక్క గొట్టంలోకి వెళ్లక తప్పదు. అయితే గోడలోని రంధ్రాల వెడల్పు పది ఇరవై మైక్రాన్లు (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు). అంటే మసి గుత్తికంటే వంద రెట్లు పెద్దవి! లెక్కప్రకారం మసి అంతా హాయిగా దాటిపోవాలి. పోదు. గాలిలోని అణువులు అన్ని వైపుల నుంచీ గుద్దుతుంటే అంత చిన్న రేణువు నిలకడగా తిన్నగా నడవలేదు, తడబడుతూ పోతుంది. 1827లో రాబర్ట్ బ్రౌన్ నీటిలోని సన్నటి రేణువుల్లో చూసిన చలనం ఇదే. అలా తడబడుతూ రంధ్రం అంచుకి తగిలిన రేణువు అక్కడే అతుక్కుపోతుంది. చిన్న రేణువుకి తడబాటు ఎక్కువ కాబట్టి అతుక్కునే అవకాశమూ ఎక్కువ. కాసేపటికి గోడ మీద మసి పొర కడుతుంది, ఇక ఆ పొరే అసలు వడపోత చేస్తుంది. అందుకే కొత్త ఫిల్టర్‌కంటే కొంచెం మసి పట్టిన ఫిల్టరే బాగా వడకడుతుంది.

పొర మందమయ్యేకొద్దీ పొగ బయటికి పోవడం కష్టమవుతుంది. ఇంజిన్‌కి ఊపిరాడదు. కాబట్టి పట్టిన మసిని ఎప్పటికప్పుడు కాల్చేయాలి. ఈ కాల్చడాన్నే షెడ్డుల్లో రీజెన్ అంటారు. మసి ఆక్సిజన్‌తో కాలాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. అదే నైట్రోజన్ డయాక్సైడ్ తోడైతే 250 నుంచి 400 డిగ్రీల మధ్యే మెల్లగా కాలిపోతుంది. ఫిల్టర్‌కి ముందున్న ఆక్సిడేషన్ క్యాటలిస్ట్‌లోని ప్లాటినం ఆ వాయువుని తయారు చేసి పంపుతూ ఉంటుంది. హైవే మీద ఎనభైలో పోతున్న కారులో ఈ పని మనకి తెలియకుండానే జరిగిపోతుంది. కాలవ గట్టు మీద మూడో గేరులో మూలుగుతూ పోయే కారు పొగ వేడి తరచూ 200 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది.

అప్పుడు కంప్యూటర్ రంగంలోకి దిగుతుంది. ఫిల్టర్‌కి ముందూ వెనకా పీడనం కొలిచే సెన్సార్ ఒకటుంటుంది. ఆ తేడానీ, నడిచిన తీరునీ బట్టి లోపల ఎన్ని గ్రాముల మసి ఉందో కంప్యూటర్ అంచనా కడుతుంది. హద్దు చేరగానే, పిస్టన్ పని చేసి కిందికి దిగుతున్న సమయంలో ఇంకాస్త డీజిల్ చిమ్మిస్తుంది. ఆ డీజిల్ పొగతో పాటు వెళ్లి క్యాటలిస్ట్ మీద కాలుతుంది, ఆ వేడికి ఫిల్టర్ 600 డిగ్రీలకి చేరుతుంది, మసి కాలిపోతుంది. మామూలుగా కొన్ని వందల కిలోమీటర్లకోసారి, పది ఇరవై నిమిషాల పని. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం (ఐడిలింగ్) కాస్త పెరగడం, మీటరులో మైలేజీ పడిపోవడం, సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగాల్సిన ఇంజిన్ ఆగకపోవడం, బండి ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతూ ఉండటం దీని గుర్తులు. మన రైతు సరిగ్గా అదే సమయానికి చెరువు గట్టు మీద తాళం తిప్పేస్తాడు. వేడి కోసం పోసిన డీజిల్ వృథా, మసి మాత్రం అక్కడే ఉంది. సాయంత్రం మళ్లీ మొదలు, మళ్లీ మధ్యలో ఆపడం.

ఆ వృథా డీజిల్ ఊరికే పోదు, ఇంకో చోట చేటు చేస్తుంది. కొంత సిలిండర్ గోడల వెంట జారి కిందున్న ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ తగ్గితే కంగారుపడతాం గానీ పెరిగితే ఎవరు పట్టించుకుంటారు? రీజెన్ మాటిమాటికీ ఆగిపోయే బండిలో ఆయిల్ గేజి పై గీత దాటిపోవచ్చు. పల్చబడిన ఆయిల్ బేరింగులనీ టర్బోనీ కాపాడలేదు. గీత దాటినప్పుడు, సర్వీసుకి ఇంకా ఐదు వేల కిలోమీటర్లు ఉన్నా సరే, మార్పించడమే మేలు.

లైటు వెలిగిన మొదటి రోజే హైవే ఎక్కితే చాలాసార్లు అక్కడితో సరి. రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే పాత ఐదో నంబరు హైవే మనకి అందుబాటులోనే ఉంది. ఇంజిన్ వేడెక్కాక, టాప్ గేరు కాకుండా ఒక గేరు తగ్గించి, రెండు వేల ఆర్‌పీఎమ్ పైన ఇరవై నిమిషాలు ఆగకుండా పోనివ్వాలి. ట్యాంకులో డీజిల్ అడుగంటితే చాలా కార్లు రీజెన్ మొదలే పెట్టవు, అది చూసుకోండి. తరచూ అన్నవరమో ద్వారకా తిరుమలో వెళ్లొచ్చే ఇంటి కారుకి ఈ బాధ తక్కువ. పుణ్యం సంగతి స్వామికెరుక, మసి మాత్రం కాలుతుంది. ఇంటి ముందు నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కి రేజ్ చేయడం పాత బళ్ల అలవాటు, దీనికి పనికిరాదు. పెళ్లి మంటపం బయట ఏసీ వేసుకుని గంటసేపు ఇంజిన్ నడపడం అంతకంటే చెడ్డది.

లైటుని వారాల తరబడి వదిలేస్తే, ఒక దశ దాటాక కంప్యూటర్ రీజెన్‌కి ఒప్పుకోదు. దాని మొండితనానికి కారణముంది. అంత మసి ఒక్కసారిగా అంటుకుంటే లోపల వెయ్యి డిగ్రీలు దాటి పింగాణీ పగిలిపోవచ్చు, కరిగిపోనూవచ్చు. అక్కడ ఇక సర్వీస్ సెంటర్‌లో స్కానర్‌తో చేయించే ఫోర్స్‌డ్ రీజెనో, ఫిల్టర్ విప్పి శుభ్రం చేయించడమో. కొత్తది వేయించాలంటే లక్ష దాటే బళ్లున్నాయి. ఏం చేయించినా, అంత మసి ఎందుకొచ్చిందో మొదట వెతికే మెకానిక్కే నికార్సైన మెకానిక్. కారుతున్న ఇంజెక్టరు, తెరుచుకుని ఇరుక్కుపోయిన ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది), టర్బో సీలు దాటుతున్న ఆయిల్ వంటివి ఉంటే ఫిల్టర్ ఎన్నిసార్లు కడిగినా నెల తిరక్కుండా మళ్లీ నిండుతుంది. కొన్నిసార్లు ఫిల్టర్‌లో ఏమీ ఉండదు; పీడనం సెన్సార్‌కెళ్లే రబ్బరు గొట్టం చీలి ఉంటుంది. "యాడ్‌బ్లూ పోస్తూనే ఉన్నానండీ, అయినా ఎందుకు జామయింది?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. యాడ్‌బ్లూ అనే యూరియా ద్రావణం పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లని తగ్గించడం కోసం. మసి జోలికి అది పోదు.

ఒక జాగ్రత్త మన డెల్టాలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సార్వా, దాళ్వా కోతల రోజుల్లో రోడ్ల మీదా గట్ల మీదా గడ్డి పరుచుకుని ఉంటుంది. రీజెన్ జరుగుతున్న కారు కింద పొగగొట్టం మామూలుకంటే ఎంతో వేడిగా ఉంటుంది. ఎండుగడ్డి మీద పార్క్ చేయొద్దని కార్ల మాన్యువళ్లు హెచ్చరించేది ఇందుకే. గడ్డి మీదుగా నడిపాక ఓసారి వంగి కిందికి చూడండి, చుట్టుకున్నది లాగేయండి.

ఇంతదాకా మసి గురించి. బూడిద వేరే కథ. కాలవలో గుర్రపుడెక్క ఎన్నిసార్లు పెరిగినా తీసేయొచ్చు. అడుగున పేరుకునే పూడిక తీయాలంటే మాత్రం వేసవిలో కాలవ కట్టేయాల్సిందే. ఫిల్టర్‌లో మసి మొదటిది, బూడిద రెండోది. ఇంజిన్ ఆయిల్‌లో కలిపే కాల్షియం, జింక్, ఫాస్ఫరస్ రసాయనాలు కాలగా మిగిలేదే ఈ బూడిద. ఎంత వేడి పెట్టినా ఇంకా కాలడానికి అందులో ఏమీ ఉండదు. రీజెన్ చేసిన ప్రతిసారీ కొద్దికొద్దిగా గొట్టాల చివర చేరుతుంది. సరైన ఆయిల్ వాడితే లక్ష కిలోమీటర్లు దాటాకే అది సమస్యవుతుంది. సరైన ఆయిల్ అంటే బూడిద తక్కువది: మాన్యువల్ ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) సీ3 రకం అంటే డబ్బా మీద సీ3 అనే ఉండాలి. ఆ రకంలో సల్ఫేటెడ్ బూడిద 0.8 శాతం మించకూడదు. జనరేటర్‌కీ ట్రాక్టర్‌కీ తెచ్చిన ఇరవై లీటర్ల బకెట్టులోంచే కారుకీ పోసేస్తే ఆయిల్ ఖర్చులో మిగిలింది ఫిల్టర్ దగ్గర పోతుంది. చెరువు దగ్గర డ్రమ్ములో నిలవున్న డీజిల్ సంగతీ అంతే. నీరు చేరిన డీజిల్ ముందు ఇంజెక్టర్లని పాడుచేస్తుంది, పాడైన ఇంజెక్టరు మసిని పెంచుతుంది.

విసిగిపోయిన యజమానికి ఎవరో ఒకరు దగ్గరి దారి చెబుతారు: ఫిల్టర్ లోపలి దిమ్మ పగలగొట్టి తీసేసి, కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియకుండా సాఫ్ట్‌వేర్ మార్చేయడం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇలా మార్చడం కుదరదు. అయినా చేసేవాళ్లున్నారు, దొరకరు కూడా. మన పొల్యూషన్ పరీక్షలో కొలిచేది పొగ ఎంత చిక్కగా ఉందో మాత్రమే. కంటికి కనిపించని రేణువుల సంఖ్య కాదు. ఫిల్టర్ లేని కొత్త ఇంజిన్ ఆ పరీక్ష నెగ్గేయగలదు. బెల్జియం 2022లో, నెదర్లాండ్స్ 2023లో రేణువుల్ని లెక్కపెట్టే మీటర్లని వార్షిక తనిఖీలో పెట్టాయి. ఇక్కడా అది రావాలన్నది నా అభిప్రాయం. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. కాలవ పక్క సన్నని రోడ్డులో ఆ పొగ పోయేది అరుగు మీద కూర్చున్నవాళ్ల ఊపిరితిత్తుల్లోకే.

మరి మన వైపు డీజిల్ కారు కొనొచ్చా? లీటరుకి ఎంత ఇస్తుందని అడిగే ముందు, వారంలో ఎన్నిసార్లు అరగంటపాటు ఆగకుండా నడుస్తుందని అడగాలి. విజయవాడకో విశాఖకో తరచూ వెళ్లేవాళ్లకి డీజిల్ ఇప్పటికీ మంచి బేరమే. రోజంతా కలిపి పది పదిహేను కిలోమీటర్లు, అదీ ముక్కలు ముక్కలుగా తిరిగేవాళ్లు పెట్రోలో సీఎన్‌జీయో చూసుకోవడం మంచిది.

2020 తర్వాతి డీజిల్ కార్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతున్నాయి. చూడ్డానికెళ్తే స్కానర్ ఉన్న మెకానిక్‌ని తోడు తీసుకెళ్లండి. ఫిల్టర్‌లో మసి ఎంత ఉంది, చివరి రీజెన్ పూర్తయ్యాక ఎన్ని కిలోమీటర్లు నడిచింది అన్న రెండు అంకెలూ చాలా కార్లలో స్కానర్ చూపిస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పొగగొట్టం లోపల వేలు తిప్పి చూడండి. ఫిల్టర్ బాగుంటే వేలికి దాదాపు ఏమీ అంటదు. నల్లగా అంటిందంటే దిమ్మ పగిలిపోయి ఉండాలి, లేదా ఎవరో తీసేసి ఉండాలి. అలాంటప్పుడు బేరం తర్వాత. ముందు బండిని లిఫ్ట్ ఎక్కించి ఆ డబ్బాకి కోసి వెల్డింగ్ చేసిన గుర్తులున్నాయేమో చూపించమనండి.