తేలిక కారా, రోజువారీ కారా: పిల్లలకు ఒక ఉత్తరం

ఫ్రిస్కో, టెక్సాస్

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. మీలో కొందరికి నేను పెదనాన్నను, కొందరికి మామయ్యను. అయినా అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను, ఎందుకంటే మీరు విడివిడిగా అడిగినా ప్రశ్న ఒక్కటే. చదువు పూర్తయి, ఉద్యోగం కుదిరి, చేతికి జీతం వస్తున్న ఈ సమయంలో మాజ్డా మియాటా లాంటి తేలికైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనుక్కోవడమా, లేక హోండా సివిక్ లాంటి, ఆఫీసుకూ అంగడికీ రోజూ పనికొచ్చే కారు కొనుక్కోవడమా అని అడిగారు. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే రెండోదే కొనమంటారు, స్నేహితులను అడిగితే మొదటిదే కొనమంటారు. ఈ రెండు జవాబుల్లోనూ మీ రోజులు నిజంగా ఎలా గడుస్తున్నాయన్న విచారణ లేదు. వాహనాల సస్పెన్షన్ భాగాలు, అంటే చక్రాలను బండికి కలిపి కుదుపులను తట్టుకునే భాగాలు, రూపొందించే పనిలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది గనుక, ఆ విచారణ చేసి చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

తేలిక కారు మీద మీకున్న మోజును నేను తప్పుపట్టను. ఆ మోజు వెనక గట్టి కారణమే ఉంది. కారు వేగం పుంజుకోవాలన్నా, ఆగాలన్నా, మలుపు తిరగాలన్నా కావలసిన బలం దాని బరువును బట్టి ఉంటుంది. ఇంజను శక్తిని పెంచితే ఈ మూడింటిలో మొదటిది మాత్రమే మెరుగుపడుతుంది, బరువును తగ్గిస్తే మూడూ మెరుగుపడతాయి. పైగా టైరుకు ఒక స్వభావం ఉంది: దాని మీద పడే బరువు రెట్టింపైతే రోడ్డు మీద దాని పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. అందువల్ల అదే టైర్ల మీద నడిచే తేలిక కారు, తన బరువుతో పోల్చి చూస్తే, మలుపులో ఎక్కువ పట్టుతో నిలుస్తుంది. ఇంగ్లండులో లోటస్ సంస్థను స్థాపించిన కోలిన్ చాప్‌మన్ జీవితమంతా ఈ సూత్రాన్నే పట్టుకొని పనిచేశాడు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు, 1996లో, ఆ సంస్థ అమ్మకానికి తెచ్చిన ఎలీజ్ కారులో అల్యూమినియం భాగాలను వెల్డింగుతో కాకుండా జిగురుతో అతికించి ఛాసిస్, అంటే కారును మోసే చట్రం, తయారుచేశారు. కారు మొత్తం బరువు సుమారు 725 కిలోలు. 1.8 లీటర్ల మామూలు ఇంజనుతోనే అది తనకంటే ఎంతో శక్తిమంతమైన కార్లను మలుపుల్లో వెనక్కు నెట్టింది.

అదే ఆలోచనను సామాన్యులకు అందే ధరలో, తెల్లవారితే తప్పక స్టార్టయ్యే కారులో పెట్టిన ఘనత మాజ్డాది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో చూపిన మొదటి మియాటా 1.6 లీటర్ల, 116 హార్స్‌పవర్ ఇంజనుతో, ఒక టన్నుకు లోపు బరువుతో వచ్చింది. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. ఇప్పుడు దొరికే నాలుగో తరం కారులో 2 లీటర్ల, 181 హార్స్‌పవర్ ఇంజను ఉంది, బరువు సుమారు 1,060 కిలోలు. మధ్యలో ఎయిర్‌బ్యాగులు పెరిగాయి, చట్టాలు పెరిగాయి, కొనేవారి సౌకర్యాల కోరికలూ పెరిగాయి. అన్నింటినీ ఇముడ్చుకుంటూ బరువును ఈ మాత్రం దగ్గర నిలిపిన ఇంజనీర్ల పట్టుదలను, ఆ వృత్తిలో బతికినవాడిగా, నేను మనసారా గౌరవిస్తాను.

అయితే తేలికగా ఉన్నంత మాత్రాన ఏ కారూ స్పోర్ట్స్ కారు కాదు. 1983 డిసెంబరులో మన దేశంలో రోడ్డెక్కిన మారుతి 800 ఎలీజ్ కంటే తేలిక, కానీ దానిని మలుపులో తోలి ఆనందించినవారు అరుదు. ఆ బరువు ఎక్కడ ఉన్నదన్నది కూడా ముఖ్యమే. భుజాన కావడి వేసుకున్న మనిషి గబుక్కున పక్కకు తిరగలేడు, అదే బరువును చంకలో పెట్టుకుంటే సులువుగా తిరుగుతాడు. మియాటాలో ఇంజనును ముందు చక్రాల ఇరుసు రేఖకు వెనక్కు జరిపి అమర్చడం, ముందు వెనక చక్రాల మీద బరువు దాదాపు సగం సగం పడేలా చూడటం, బరువైన భాగాలను కారు నడిమికి, నేలకు దగ్గరగా చేర్చడం ఇందుకోసమే. స్టీరింగు కాస్త తిప్పగానే కారు ముందు భాగం వెంటనే తిరిగినట్టు మీకు అనిపించిందంటే, అది మీ భ్రమ కాదు, ఆ అమరిక ఫలితం. పెద్ద ఇంజను ఉన్న కారులో ఇటువంటి అనుభవం కావాలంటే చట్టం ఒప్పుకోని వేగానికి వెళ్ళాలి. తేలిక కారు దానిని గంటకు 40 మైళ్ళ దగ్గరే ఇస్తుంది. కుర్రవాళ్ళ చేతికి ఇవ్వదగిన స్పోర్ట్స్ కారు ఏదైనా ఉంటే అది ఇలాంటిదే అని నేననడానికి కారణం ఇదే.

ఇక రెండో పక్క చూద్దాం. మీరుండేది డాలస్ ఉత్తర శివార్లలో. ఇక్కడి రోడ్లు గళ్ళ కాగితం మీద గీసినట్టు నిట్టనిలువుగా, అడ్డంగా ఉంటాయి. మియాటా ప్రతిభ బయటపడే మలుపు అనేదే మీ ఆఫీసు దారిలో లేదు. ఉన్నదల్లా సిగ్నళ్ళు, టోల్ రోడ్డు, సాయంత్రం పూట ఒకటో గేరుకూ రెండో గేరుకూ మధ్య క్లచ్ తొక్కుతూ గడిపే సమయం. నిజమైన మలుపులు కావాలంటే శాన్ ఆంటోనియోకు పడమర ఉన్న హిల్ కంట్రీకి, లీకీ, వాండర్‌పూల్ ఊళ్ళ చుట్టుపక్కల కొండల్లో తిరిగే 335, 336, 337 నంబరు రోడ్లకు పోవాలి. అవి అందమైన రోడ్లు, తప్పక చూడండి. కానీ ఇక్కడి నుంచి అక్కడికి చేరేసరికి పూటకు పైగా పడుతుంది, ఆ దూరమంతా హైవే మీద, మియాటాకు ఉండే మడిచి తీసే గుడ్డ టాపు కింద గాలి హోరులో కూర్చోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం ఎండ మీకు తెలియనిది కాదు, ఆ వేళ టాపు తీసి తిరిగేవాళ్ళు తక్కువ. అదే మీలో ఎవరైనా ఉత్తర కరోలైనా కొండల దగ్గరో, కాలిఫోర్నియా తీరం దగ్గరో ఉద్యోగం చేస్తున్నట్టయితే ఈ పేరా నేను వేరే విధంగా రాసేవాణ్ణి.

సామాను సంగతి ఇంతకంటే స్పష్టం. మియాటా డిక్కీ 130 లీటర్లు, సివిక్ సెడాన్ డిక్కీ దాదాపు 420 లీటర్లు. మీ అమ్మానాన్నలు హైదరాబాదు నుంచి మొదటిసారి వచ్చే రోజును తలచుకోండి. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండేసి, వాటిలో ఆవకాయ, కందిపొడి, మీకోసం కుట్టించిన బట్టలు, పైన చేతిసంచులు. పెట్టెల మాట తర్వాత, ముందు మనుషులే ముగ్గురు, సీట్లు రెండు. డాలస్ (డి.ఎఫ్.డబ్ల్యూ.) విమానాశ్రయానికి స్నేహితుడి కారు అడిగి తెచ్చుకోవచ్చు, కాదనను. కానీ వాళ్ళు ఇక్కడ ఉండే నెలల తరబడి గుడికి, ఆసుపత్రికి, కూరగాయల కొట్టుకు ప్రతిసారీ అడగలేరు గదా. పైగా నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్ళు నేలకు జానెడు ఎత్తులో ఉన్నట్టుండే ఆ సీటులోకి దిగడం, మళ్ళీ పైకి లేవడం నిజంగా కష్టం. రేపు మీకు పిల్లలు పుడితే, వాళ్ళను వెనక సీటులోనే కూర్చోబెట్టాలి. ఈ కారుకు వెనక సీటే లేదు.

భద్రత గురించి నేను మెత్తగా మాట్లాడలేను. టెక్సాస్ రోడ్ల మీద మీ చుట్టూ తిరిగేవి పికప్ ట్రక్కులు, వాటి బరువు మియాటాకు దాదాపు రెట్టింపు. రెండూ గంటకు 30 మైళ్ళ వేగంతో ఎదురెదురుగా గుద్దుకొని అతుక్కుపోయాయనుకోండి. మీరు స్కూల్లో చదివిన ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం ప్రకారం, గుద్దుకున్న తర్వాత ఆ రెండూ కలిసి ట్రక్కు వెళ్తున్న దిశలోనే గంటకు 10 మైళ్ళ వేగంతో కదులుతాయి. అంటే ట్రక్కులోని మనిషి వేగంలో వచ్చిన మార్పు 20 మైళ్ళు, చిన్న కారులోని మనిషి వేగంలో వచ్చిన మార్పు 40 మైళ్ళు. శరీరానికి తగిలే దెబ్బ ఆ మార్పును బట్టే ఉంటుంది. ఎయిర్‌బ్యాగులు, బెల్టులు, నలిగేలా రూపొందించిన ముందు భాగం ఆ దెబ్బను తగ్గిస్తాయి గాని సూత్రాన్ని మార్చలేవు. చురుకైన కారు ప్రమాదాన్ని తప్పించుకోగలదని మీరంటారు, అందులో నిజముంది. అయితే సిగ్నలు దగ్గర ఆగి ఉన్నప్పుడు వెనక నుంచి వచ్చి గుద్దే బండిని ఏ చురుకుదనమూ తప్పించలేదు. ఎత్తైన ట్రక్కు డ్రైవరుకు పక్కనే ఉన్న మీ కారు కనబడకపోవచ్చు కూడా. 1,300 కిలోల సివిక్‌కు కూడా ఈ లెక్క వర్తిస్తుంది, కాకపోతే తేడా కాస్త తగ్గుతుంది.

డబ్బు విషయం ఎక్కువ సాగదీయను. కొత్త మియాటా ధర 30 వేల డాలర్ల చుట్టూ, సివిక్ ధర 25 వేల చుట్టూ మొదలవుతాయి. గాలనుకు, చేత్తో గేర్లు మార్చే మాన్యువల్ మియాటా 29 మైళ్ళు, సివిక్ 35 మైళ్ళ పైచిలుకు ఇస్తాయి. ఏడాదికి 12 వేల మైళ్ళు తిరిగినా తేడా 70, 80 గాలన్లే. ఖరీదైన ప్రీమియం పెట్రోలు పోయించినా, ఈ ఒక్క తేడా కోసం ఎవరూ మనసు చంపుకోనక్కరలేదు. ఇన్సూరెన్సు మాత్రం వయసును బట్టి, ఉండే పేటను బట్టి ఊహించనంత మారుతుంది గనుక, బేరం కుదుర్చుకోవడానికి ముందే రెండు కార్లకూ ఎంత అడుగుతారో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

మిమ్మల్ని అన్నింటికంటే గట్టిగా హెచ్చరించవలసింది మూడో దారి గురించి. మియాటాకూ సివిక్‌కూ మధ్య తేల్చుకోలేక, రెండూ కలిసి వస్తాయని 400 హార్స్‌పవర్ల, రెండు టన్నుల బండి వైపు చూస్తున్నవాళ్ళు మీలో ఒకరిద్దరు ఉన్నారని నాకు తెలుసు. దానిలో నాలుగు తలుపులున్నాయి, డిక్కీ ఉంది, తొక్కితే తూటాలా పోతుంది. కానీ బరువు వల్ల దాని టైర్లూ బ్రేకులూ త్వరగా అరుగుతాయి. దాని ఆనందం వేగంలో తప్ప మరెక్కడా లేదు గనుక, ఆ ఆనందం కావాలన్నప్పుడల్లా మీరు ప్రమాదం అంచుకు పోవాలి. తేలిక కారు నేర్పేదీ అది నేర్పదు, మామూలు కారు మిగిల్చేదీ అది మిగల్చదు. మీ పక్కన నేనున్నంతవరకు దానికి ఒప్పుకోను.

కాబట్టి నా నిర్ణయం చెబుతాను. ఇంట్లో అదే మొదటి కారు, ఏకైక కారు అయితే సివిక్ లాంటిదే కొనండి. గేరు వేసి తోలే సుఖం వదులుకోలేకపోతే అదే సివిక్‌లో ఎస్.ఐ. రకం ఉంది. 200 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు మాత్రమే, వెనక ముగ్గురు కూర్చోవచ్చు, నాలుగు పెట్టెలు సర్దుకోవచ్చు. మీలో చాలామందికి సరైన జవాబు అదేనని నా నమ్మకం. మియాటా లాంటి మరో స్పోర్ట్స్ కారు టయోటా జి.ఆర్. 86కు వెనక సీట్లున్నాయి గాని అవి సంచులకు, చిన్నపిల్లలకు తప్ప పెద్దవాళ్ళకు పనికిరావు, వాటిని లెక్కలోకి తీసుకోకండి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తూ, ఇంట్లో అప్పటికే ఒక మంచి నాలుగు తలుపుల కారు ఉన్నవాళ్ళు మాత్రం రెండో కారుగా మియాటా కొనడానికి సంకోచించవద్దు. పిల్లలు పుట్టాక కొందామని వాయిదా వేస్తే, వాళ్ళ చదువులు పూర్తయ్యేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేరు. ఆనందానికి పెట్టే ఖర్చు వృథా అని నేనెన్నడూ అనుకోలేదు, అప్పు చేసి పెట్టనంతవరకు.

ఈలోగా తోలడం నేర్చుకోవాలన్న కోరిక ఉన్నవాళ్ళు స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా (ఎస్.సి.సి.ఎ.) సంస్థవారు నడిపే ఆటోక్రాస్‌కు వెళ్ళండి. ఖాళీ పార్కింగు స్థలంలో ప్లాస్టిక్ కోన్లు పెట్టి, ఒక్కొక్క కారునే విడిగా వదులుతారు. మీ సివిక్‌తోనే పాల్గొనవచ్చు. హెల్మెట్ తప్పనిసరి. బరువు ముందు చక్రాల మీదికి, వెనక చక్రాల మీదికి ఎలా కదులుతుందో, అది పట్టును ఎలా మారుస్తుందో పుస్తకంలో చదివితే రాదు, అక్కడ ఒక్క పూటలో మీ నడుముకే తెలుస్తుంది. ట్రాకుల మీద జరిగే నష్టాన్ని మామూలు ఇన్సూరెన్సు సాధారణంగా భరించదు, వెళ్ళేముందు మీ పాలసీ ఏమంటున్నదో చదువుకోండి.

పాత మియాటా కొనే ఆలోచన ఉన్నవాళ్ళకు చివరిగా ఒక పని చెబుతాను. మంచు పడే రాష్ట్రాల్లో, ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగిన బండి అయితే తలుపుల కింది అంచులను వంగి, టార్చిలైటు వేసి, వేలితో తట్టి చూడండి. టాపు నుంచి నీరు దిగే సన్నని రంధ్రాలు సీట్ల వెనక ఉంటాయి, అవి ఆకులతో పూడుకుపోతే నీరు లోపల నిలిచి ఆ అంచులను లోపలి నుంచే తినేస్తుంది. పైకి రంగు బాగుందని మోసపోకండి. మొదటి తరం బండి అయితే, ఇంజను లోపలి భాగాలను సమయం తప్పకుండా కదిలించే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రసీదు అడగండి. టైర్ల మీద తయారైన వారం, సంవత్సరం నాలుగంకెలుగా అచ్చయి ఉంటాయి, అరగకపోయినా ఆరేళ్ళు దాటిన టైర్లయితే వాటి ఖరీదు బేరంలో తగ్గించమనండి. ఏదైనా బండి నచ్చితే డబ్బు కట్టకముందు నాకు ఫోను చేయండి, ఆదివారం వచ్చి దాని కింద దూరి చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న, మామయ్య