పిట్టకు తగలని మందు

గుంటూరు వైపు నుంచి ఒక రైతు అడిగారు: "గట్టు మీద గడ్డిమందు కొడితే పది రోజుల్లో గడ్డి పసుపెక్కి ఎండిపోతుంది. అక్కడ తిరిగే పిట్టలు మాత్రం బాగానే ఉంటాయి. మరి పిట్టలకు ముప్పు అంటారేమిటి?"

గ్లైఫోసేట్ అనే ఆ గడ్డిమందు పిట్టను అక్కడికక్కడ చంపదు, నిజమే. అది అడ్డుకునే ఎంజైమ్ మొక్కల్లో ఉంటుంది, పక్షి ఒంట్లో లేదు. పేగుల్లోని కొన్ని బ్యాక్టీరియాలకు ఉంది, అదో పెద్ద కథ. ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయం వాళ్లు జపాన్ కౌజు పిట్టలకు ఈ మందు కలిపిన దాణా పెట్టి చూశారు. గుడ్లలో కిలోకి సుమారు 0.76 మిల్లీగ్రాముల గ్లైఫోసేట్ తేలింది. మామూలు పిట్టల గుడ్లలో 89 శాతం పిండాలు సరిగ్గా ఎదిగితే, మందు తిన్నవాటి గుడ్లలో 76 శాతమే ఎదిగాయి. గణాంకాల పరీక్షలో ఈ తేడా అంత గట్టిగా నిలవలేదు కాబట్టి దీన్ని పట్టుకుని నేను గుండెలు బాదుకోను.

నన్ను వదలని కథ ఇంకొకటి ఉంది. అందులో మందు పిట్టను తాకనే తాకదు.

ఇంగ్లండ్ పొలాల్లో గ్రే పార్ట్రిడ్జ్ అనే పిట్ట ఉంటుంది, మన కౌజుకు చుట్టం. నేల మీదే గూడు, ఒక్క ఈతకు 15 గుడ్ల దాకా. 1967 నుంచి బ్రిటన్‌లో వీటి సంఖ్య 90 శాతానికి పైగా పడిపోయింది. డిక్ పాట్స్ అనే శాస్త్రవేత్త ససెక్స్ పొలాల్లో 1968 నుంచి ఏటా వీటి లెక్క తీశారు. గుడ్ల నుంచి పిల్లలు బయటికొస్తున్నాయి, కానీ మిగలడం లేదు. కారణం వెతుకుతూ పోతే కలుపు మొక్కల దగ్గర తేలింది. 1940ల నుంచి 2,4-డి లాంటి కలుపు మందులు వచ్చాయి (మన వరి పొలాల్లో ఇప్పటికీ కొడుతున్నదే). కలుపు పోయింది, దాని ఆకు తినే పెంకు పురుగులూ, రసం పీల్చే చిన్న పురుగులూ దాంతోపాటే పోయాయి. పార్ట్రిడ్జ్ పిల్లకు మొదటి రెండు వారాలు ఆ పురుగులే తిండి.

గింజలు తినొచ్చుగా? ఇక్కడే ఈక సంగతి వస్తుంది. ఈకలో దాదాపు 90 శాతం కెరాటిన్ అనే ప్రొటీనే. ఆ ప్రొటీన్ పోగులను బిగించి ఉంచేవి గంధకపు బంధాలు, అంటే సిస్టీన్ అనే అమైనో ఆమ్లపు జంటలు. సిస్టీన్‌ను ఒళ్లు మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి చేసుకుంటుంది. మెథియోనిన్ మాత్రం తిండిలో రావాల్సిందే. గింజల్లో అది చాలదు, పురుగుల్లో దొరుకుతుంది. కోళ్ల ఫారం వాళ్లనడగండి, మొక్కజొన్న, సోయా ఎంత పెట్టినా పైన మెథియోనిన్ పొడి కలుపుతారు. మా నాయనమ్మకు ఈ పేర్లేవీ తెలియవు. పాత కుండలో ఎండుగడ్డీ పేడా తడిపి బోర్లించేది. తెల్లారి కుండ ఎత్తితే చెదలు. కోడిపిల్లలు వాటి మీద పడేవి.

ఈక ఒక డైరీ. వెలుగులో వాల్చి చూస్తే ముదురు, లేత చారలు కనిపిస్తాయి. ఒక జత అంటే 24 గంటల ఎదుగుదల. కడుపు నిండిన రోజు చార వెడల్పు, పస్తున్న రోజు ఇరుకు. మరీ కష్టమొస్తే చిన్న పోగులే ఏర్పడక సన్నని పారదర్శకమైన గీత పడుతుంది. తర్వాత ఈక విరిగేది చాలాసార్లు ఆ గీత దగ్గరే. చిన్నప్పుడు నెమలీక పిల్లలు పెడుతుందని పుస్తకంలో దాచి మేత కూడా వేసేవాళ్లం. పిల్లలు పెట్టడం అబద్ధమే గానీ, ఈకకు మేత కావాలన్న మాట మాత్రం నిజం!

ఈకలు ఆలస్యమైతే పార్ట్రిడ్జ్ పిల్ల రెండు వారాలకు ఎగరలేదు, చలికి ఆగలేదు, వాన పడితే తడిసి ముద్దవుతుంది. పురుగులు పల్చబడితే ఇంకా దూరం నడవాలి. ఆ నడిచినంతసేపూ తల్లి రెక్కల కింద వెచ్చదనం ఉండదు, పైగా నక్కల భయం.

1980లలో ఇంగ్లండ్‌లో కొందరు రైతులు ఒక ప్రయోగానికి ఒప్పుకున్నారు. పొలం అంచున 6 మీటర్ల మేర స్ప్రేయర్ చివరి నాజిళ్లు కట్టేశారు. లోపలి పొలమంతా మందు ఎప్పట్లాగే పడింది. ఆ అంచులో కలుపు మొలిచింది, పురుగులు వచ్చాయి. ఆ పొలాల్లో తల్లి వెనక నడిచే పిల్లల సంఖ్య, అంచుదాకా కొట్టిన పొలాల కంటే బాగా ఎక్కువగా తేలింది.