మల్లె పక్కన కనకాంబరం వద్దు

దేవరకొండ

బిడ్డలారా,

నల్లగొండల మీ ఇంటి ముంగలున్న కొద్దిపాటి జాగల మల్లె, బంతి, చామంతి, కనకాంబరం అన్నీ ఒక్కతాన పెట్టొచ్చా అని అడిగిండ్రు. పెట్టొచ్చు. మన చల్క నేల నీళ్లు పట్టి ఉంచదు; పొద్దుగాల పోసినవి పగటాల్లకే ఇంకిపోతయి. మొక్కలు దగ్గరదగ్గరగ ఉంటే ఆకుల నీడకు మట్టి తొందరగ ఎండదు, గడ్డి గూడ తక్కువ మొలుస్తది. కాకపోతే దేని పక్కన ఏది అన్నది చూసుకోవాలె.

దండల జోడీ గదా అని మల్లెను, కనకాంబరాన్ని పక్కపక్కన పెట్టకుండ్రి. ఎండకాలం మల్లె విరగబూయాలంటే చలికాలంల నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించాలె. కనకాంబరానికేమో ఎప్పుడూ తడి ఉండాలె. ఒకరికి ఉపాసం, ఒకరికి బువ్వ. ఒక్క చెంబుతోని ఎట్ల కుదుర్తది?

కనకాంబరం పక్కన బంతి పెట్టుండ్రి. కనకాంబరం వేర్లకు నులిపురుగులు పడతయి. అవి కంటికి కనిపించవు. మొక్క పసుపుపచ్చగయ్యి గిడసబారితే పీకి చూడుండ్రి, వేర్ల పొడుగున బుడిపెలుంటయి. బంతి వేర్లల్ల ఉండే మందు ఆ పురుగులకు పడదు. నాటంగనే తెల్లారి మాయమైతయనుకోకుండ్రి, రెండు మూడు నెలలన్న బంతి ఆ మట్టిల పెరగాలె. బంతి నీడ కొంచెం పడ్డా కనకాంబరం ఏమనదు. ఇంకోటి, ఎండిన కనకాంబరం కంకి మీద నీళ్లు చిలకరించుండ్రి. చిట్‌చిట్‌మని కాయలు పగిలి గింజలు ఎగిరిపడతయి! అవే తల్లి చుట్టూ గుంపుగ మొలుస్తయి. కొన్ని తీసి కుండీలల్ల పెట్టుండ్రి.

చామంతి సంగతి వేరు. రాత్రి పొడుగైతేనే అది మొగ్గ తొడుగుతది. తెల్లందాక లైటు మీద పడితే ఉత్త ఆకులే. మీ అమ్మ గేటు లైటు ఆర్పనియ్యది గాబట్టి, పగటిపూట ఎండ తగిలేటట్టు ఇంటెనుక పెట్టుండ్రి.

బంతి మొక్కకూ మొక్కకూ మూరెడు ఎడం చాలు. మల్లెకు నాలుగడుగులు ఇడిచిపెట్టుండ్రి. ఇంకా ఒత్తుగైతే గాలాడక ఆకుల మీద బూడిద తెగులు లేస్తది.

గునుగు, తంగేడు మీ జాగల ఇరికించకుండ్రి, బతుకమ్మకు చేన్లకెళ్లి తెచ్చుకుందం. బంతి నారు ఆషాఢంల నేనే పోస్త. శ్రావణంల వచ్చి కొంటబోండ్రి, తడిగుడ్డ మర్వకుండ్రి.

మీ నాయనమ్మ