భూటాన్‌లో మిరపకాయే కూర

మనం పప్పులో నాలుగు పచ్చిమిరపకాయలు చీరి వేస్తాం. తినేటప్పుడు చాలామంది వాటిని ఏరి కంచం పక్కన పెడతారు. భూటాన్‌లో అలా పక్కన పెట్టేదే అసలు కూర. మిరపకాయలను నిలువుగా చీల్చి, ఉప్పు, నీళ్లు, కాస్త వెన్నో నూనో వేసి ఉడికించి, చివర్లో దత్షి అనే చీజ్ కలుపుతారు. అదే ఎమా దత్షి. ఎర్రబియ్యపు అన్నంతో ఇంటింటా తినే కూర ఇది. ఇందులో మిరప కొలత చెంచాల్లో ఉండదు, గుప్పెళ్లలో ఉంటుంది.

అంత కారం ఎలా తింటారు? జవాబులో కొంత చీజ్‌లోనే ఉంది. మంట పుట్టించే క్యాప్సైసిన్ ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, అవి అంటుకుని ఉండే తెల్లటి పొరలో. మన నరాల చివర టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది మెదడుకు కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ సరిగ్గా దాన్నే తట్టి లేపుతుంది కాబట్టి, నోరు కాలకపోయినా కాలినట్టే ఉంటుంది. ఈ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ పంచుకున్నారు. క్యాప్సైసిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని నాలుక మీంచి లాగేస్తుంది. ఆవకాయ అన్నం తర్వాత పెరుగన్నం హాయిగా ఉండటంలోనూ ఈ కేసిన్ పాత్ర ఉంది. అయినా ఎమా దత్షి కారం కారమే. మిగతాది చిన్నప్పటి నుంచీ పడే అలవాటు.

చలికి కారం తింటే ఒళ్లు వెచ్చబడుతుందని అక్కడివాళ్లు అంటారు. ఆ వెచ్చదనం అబద్ధం కాదు. చర్మం వైపు రక్తం ఎక్కువగా పారుతుంది, చెమట పడుతుంది. కానీ అలా జరిగినప్పుడు ఒంట్లోని వేడి బయటికే పోతుంది.

భూటాన్ వంటలో ఇంతగా ఇంకిపోయిన ఈ కాయ అమెరికా ఖండాలది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడల్లో భారత తీరానికి చేరి, ఆ తర్వాతే హిమాలయాలు ఎక్కింది.

పారో, పునాఖా లోయల్లో శరదృతువు వస్తే ఇళ్ల కప్పుల మీద పండుమిరప ఎర్రగా పరుచుకుంటుంది. అక్కడైతే ఎండ, గాలి బాగా తగులుతాయి, పశువులకు అందదు. త్వరగా ఎండితేనే బూజు పట్టదు. కొన్ని పచ్చికాయలను మరిగే నీటిలో ముంచి తీసి ఆరబెడతారు. ఆ వేడికి కాయ పండటం ఆగిపోతుంది, తర్వాత ఎండకు పచ్చరంగు వెలిసి తెల్లబడుతుంది. చలికాలపు కూరకు ఇవన్నీ ఇంటి నిల్వ. దుష్టశక్తులు పోవాలని ఎండుమిరప పొగ వేయడం కూడా ఉంది. ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసే మనకు అది కొత్తగా అనిపించదు.

మిరప మంచుకు తట్టుకోదు. అందుకే చలికాలంలో పచ్చిమిరపకు భూటాన్ మన దేశం మీద ఆధారపడేది. పురుగుమందుల అవశేషాలు కనబడటంతో 2016లో ఆ దిగుమతిని ఆపేసింది. ధరలు భగ్గుమన్నాయి, దొంగరవాణా మొదలైంది. అది లేనిదే పూట గడవని కూరగాయ విషయంలో అలా నిలబడటానికి ధైర్యం కావాలి. మన మిరప చేలలో ఎన్నిసార్లు మందు కొడుతున్నామో తెలిసినవాళ్లకు ఆ నిర్ణయం అన్యాయంగా తోచదు. ఆ తర్వాత ప్రభుత్వం సర్పాంగ్, సంత్సే లాంటి వెచ్చని దక్షిణ జిల్లాల్లో చలికాలపు మిరప సాగును ప్రోత్సహించింది. అక్కడి రైతులకు అదొక కొత్త పంటకాలం అయింది.